తవ్వకం మట్టిలోంచి కాలిన గింజలు తేల్చి తీయడం: రోమన్ ప్రావిన్సుల్లో చేసే పని, తెలంగాణ నేలకు తగ్గట్టు

తవ్వకంలో చేతికి సులువుగా దొరికేవి కుండపెంకులు, నాణేలు, పూసలు, ఇటుకలు. ఆ ఊరి జనం ఏం తిన్నారు, ఆ పంట ఎవరు పండించారు, ఎవరు దంచుకున్నారు, ఏది బయటినుంచి కొన్నారు అన్న ప్రశ్నలకు వాటిలో దొరికే జవాబు తక్కువ. జవాబంతా ఒకటి రెండు మిల్లీమీటర్ల నల్లటి గింజల్లో, అంతకన్నా చిన్న పొట్టు ముక్కల్లో ఉంటుంది. తాపీతో మట్టి గీకేటప్పుడు అవి కంటికి ఆనవు. మట్టిని నీళ్లలో విడగొట్టి, తేలినదాన్ని సన్న జల్లెడ మీద పడితేనే బయటపడతాయి. ఈ పనినే ఫ్లొటేషన్ అంటారు.

1968లో పురావస్తు శాస్త్రవేత్త స్టువర్ట్ స్ట్రూవర్ అమెరికాలోని ఇల్లినాయ్ తవ్వకాల ఆధారంగా ఈ పద్ధతి గురించి రాశాక ఇది అంతటా పాకింది. 1970ల మొదట్లో టర్కీలోని అంకారాలోనూ, ఇరాన్ తీరంలోని సిరాఫ్ రేవు తవ్వకంలోనూ నీటి తొట్టె యంత్రాలు తయారయ్యాయి. రోమన్ ప్రావిన్సుల రోజువారీ తిండి గురించి ఇవాళ ఇంత వివరంగా మాట్లాడగలుగుతున్నామంటే అందులో పెద్ద వాటా ఈ తొట్టెలదే.

మన దగ్గరి సంగతి చూద్దాం. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌ను (హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్ కాదు) 1940ల మొదట్లో నిజాం రాజ్య పురావస్తు శాఖ తవ్వింది. శాతవాహన నాణేలు, మట్టిబొమ్మలు, రోమన్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం బయటపడ్డాయి. అప్పటికి ఈ పద్ధతి వాడుకలో లేదు కాబట్టి గింజలు మట్టి దిబ్బల్లోకే పోయాయి. ఇకమీదట జరిగే ఏ తవ్వకంలోనూ అలా పోనివ్వకూడదు. అందుకు కావాల్సిన సామాను ఖరీదైనదేమీ కాదు, హైదరాబాదులో ఒక్క పూటలో సమకూరుతుంది.

ముందు ఒక కచ్చితమైన మాట. పాతదిబ్బ మీదికి వెళ్లి మట్టి తెచ్చుకోకండి. తవ్వకానికి భారత పురావస్తు సర్వేక్షణ అనుమతి తప్పనిసరి. చట్టం మాట పక్కన పెట్టినా, ఏ పొరదో తెలియని మట్టిలో దొరికిన గింజకు చెప్పేదేమీ ఉండదు. ఈ వ్యాసం అనుమతి ఉన్న తవ్వకంలో పనిచేసే విద్యార్థుల కోసం, ఇంటి దొడ్లో సొంత మట్టితో సాధన చేయాలనుకునేవాళ్ల కోసం.

మట్టి ఎక్కడినుంచి, ఎంత

బూడిద కనిపించిన చోట మాత్రమే మట్టి తీయడం అందరూ చేసే పొరపాటు. పొయ్యిలో చివరిసారి కాలినది మాత్రమే అక్కడ మిగులుతుంది. రోజూ ఊడ్చి పారేసిన పొయ్యి బూడిద, చెరిగిన పొట్టు ఇంటి నేల పొరల్లో, చెత్త గుంటల్లో, వీధి పక్కన పలచగా పరుచుకుని ఉంటాయి. అందుకని పొయ్యి, నేల, గుంట, గోడ కింద పూడిక, కుండ లోపలి మట్టి అన్నిటినుంచీ తీయాలి. మనుషుల ఆనవాలు లేని అడుగు పొర నుంచి కూడా ఒక నమూనా తీయండి. అందులోనూ గింజలు కనిపిస్తే చీమలో, ఎలుక బొరియలో పైనుంచి తెచ్చాయని అర్థం, అప్పుడు మిగతా నమూనాలను కూడా అనుమానంతోనే చూడాలి.

ఇంగ్లండ్‌లో రోమన్ కాలపు తవ్వకాల్లో ఒక్కో పొర లేదా గుంట నుంచి 40 నుంచి 60 లీటర్ల మట్టి తీయడం మామూలు. పొరలో అంత మట్టి లేకపోతే ఉన్నదంతా తీస్తారు. నీళ్లు, మనుషులు తక్కువైన చోట 20 లీటర్లకు తగ్గకుండా చూసుకోండి. చిన్న పొయ్యి అయితే మొత్తం ఎత్తేయండి. మూడు నాలుగు చోట్ల నుంచి పెద్ద నమూనాలు తేవడం కన్నా ముప్పై చోట్ల నుంచి 20 లీటర్ల చొప్పున తేవడం మేలు. పొట్టు ఏ ఇంట్లో ఉంది, ఏ ఇంట్లో లేదు అని పోల్చడానికి వీలు కుదిరేది అప్పుడే.

కొలత లీటర్లలోనే రాయాలి. తడి, పొడిని బట్టి బరువు మారిపోతుంది. బకెట్ లోపలి వైపు ఐదేసి లీటర్లకు ఒక గీత పెట్టుకుని, మట్టిని అదమకుండా వదులుగా పోసి కొలవండి. కడగక ముందు ఈ అంకె రాసుకోకపోతే, తర్వాత ఎన్ని గింజలు దొరికినా లీటరుకు ఎన్ని అని చెప్పలేరు. అలాంటి నమూనా దేనితోనూ పోల్చడానికి పనికిరాదు.

సరంజామా

జల్లెడల గురించి ముందు తెలుసుకోవాలి, మిగతాదంతా తేలిక. దుకాణాల్లో మెష్ నంబరు చెబుతారు. ప్రామాణిక జల్లెడల్లో 10 నంబరు అంటే 2 మిల్లీమీటర్ల కన్ను, 18 అంటే 1 మిల్లీమీటరు, 35 అంటే 500 మైక్రాన్లు, 60 అంటే 250 మైక్రాన్లు. రాణిగంజ్‌లో మీటరు చొప్పున కోసి ఇచ్చే స్టీలు జాలీలో నంబరు అంగుళానికి ఎన్ని తీగలున్నాయో మాత్రమే చెబుతుంది. తీగ లావైతే అదే నంబరులో కన్ను ఇరుకవుతుంది. కాబట్టి కొనేముందు చిన్న ముక్కను స్కేలు పక్కన పెట్టి ఫోను కెమెరాతో పెద్దది చేసి, పది కళ్లు, పది తీగలు కలిపి ఎంత పొడవో కొలవండి. అందులోంచి తీగల మందం తీసేసి పదితో భాగిస్తే అసలు కన్ను తేలుతుంది.

తేలినదాన్ని పట్టే జల్లెడ 250 మైక్రాన్లది ఉండాలి. అడుగున మిగిలినదాన్ని కడిగే జల్లెడ ఐరోపాలో చాలాచోట్ల 1 మిల్లీమీటరుది వాడతారు. అక్కడి గోధుమ, బార్లీ గింజలకు అది సరిపోతుంది. మన కొర్రలు, సామలు, అండు కొర్రలు కాలి కుంచించుకుపోతే 1 మిల్లీమీటరు కంతలోంచి జారిపోయే ప్రమాదముంది. ఇక్కడ 500 మైక్రాన్లదే వాడాలి. పని నెమ్మదిస్తుంది, అయినా తప్పదు. కిటికీకి కొట్టే దోమజాలీ దీనికి పనికిరాదు, దాని కన్ను మరీ వెడల్పు.

రోజుకు వందల లీటర్ల మట్టి కడగాలంటే 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ముతో తొట్టె కట్టుకోండి. పై అంచున ఒక పక్క 15 సెంటీమీటర్ల వెడల్పున కోసి రేకుతో నీళ్లు జారే మూతి పెట్టాలి. లోపల అంచుకు 30 సెంటీమీటర్ల కింద ఇనుప చట్రం మీద 500 మైక్రాన్ల జాలీ పరవాలి. దాని కింద, నీళ్లు పైకి చిమ్మేలా షవర్ తలను తిరగేసి ఒక అంగుళం పైపుకు బిగించి వాల్వు పెట్టాలి. డ్రమ్ము అడుగున బురద పోవడానికి రెండంగుళాల వాల్వు ఉండాలి. బాలానగర్‌లో ఏ ఫ్యాబ్రికేషన్ షెడ్డులో చెప్పినా చట్రం, మూతి చేసిస్తారు. ఎక్కువమంది తప్పు చేసేది అడుగు వాల్వు దగ్గర. అది అంగుళం కన్నా చిన్నదైతే రేగడి బురద గడ్డకట్టి, డ్రమ్మును తిరగబోయక తప్పదు.

తొట్టె లేకపోయినా నష్టం లేదు. దక్షిణ భారత నవీన శిలాయుగ స్థలాల్లో అండు కొర్రలు, ఉలవలు, పెసలు ఎంత పాతవో తేల్చిన పరిశోధనలో బకెట్ పద్ధతి బాగా పనిచేసింది. చిన్న తవ్వకానికి మా సలహా కూడా బకెట్టే. నీళ్లు తక్కువ పడతాయి, ఒక నమూనా గింజలు ఇంకో నమూనాలో కలిసే భయం తక్కువ.

కడగడం

20 లీటర్ల బకెట్లో 12 లీటర్ల నీళ్లు పోయండి. మట్టి రెండు మూడు లీటర్లకు మించకుండా, చల్లుతున్నట్టు మెల్లగా వేయండి. ఒక్కసారిగా గుమ్మరిస్తే గడ్డలు గింజలను లోపలే పట్టుకుని అడుగుకు పోతాయి. చేతివేళ్లు విప్పి ఒకవైపుగా కలపండి, కర్ర వద్దు. ఐదారు సెకన్లు ఆగి, సుడి నెమ్మదించాక, అడుగు మట్టి కదలకుండా పై నీటిని 250 మైక్రాన్ల జల్లెడ మీదికి వంచండి. మళ్లీ నీళ్లు పోసి కలిపి వంచాలి. నల్లటి నలుసు ఒక్కటి కూడా రానంతవరకు, మామూలుగా ఐదారుసార్లు, ఇలా చేయాలి. చివరికి అడుగు మట్టిని 500 మైక్రాన్ల జల్లెడలో వేసి నీళ్లతో శుభ్రంగా కడిగి విడిగా ఆరబెట్టండి.

ఎందుకు తేలుతాయంటే, కాలినప్పుడు గింజలోని పిండి, నూనె పోయి లోపల గాలి గదులు ఏర్పడతాయి. అయితే అన్నీ తేలవు. పప్పుధాన్యాల బద్దలు, గట్టి పెంకు ముక్కలు, సున్నపు పొర పట్టిన గింజలు మునుగుతాయి. అడుగు మట్టిని వెతకకుండా పారేస్తే మీ లెక్కలో ధాన్యం ఎక్కువగా, పప్పులు తక్కువగా కనిపిస్తాయి. ఉలవ ప్రధానమైన నేలలో అది చిన్న తప్పు కాదు.

చలక నేల మట్టి రెండు నిమిషాల్లో విడిపోతుంది. రేగడి మట్టి మాత్రం మొండికేస్తుంది. సగం తడిగా ఉన్న రేగడి గడ్డ గంటసేపు నానబెట్టినా లోపల అలాగే ఉంటుంది. దాన్ని నీడన పూర్తిగా ఎండబెట్టి అప్పుడు నీళ్లలో వేస్తే పగుళ్లలోకి నీరు దూరి తనంతట తానే విచ్చుకుంటుంది. అప్పటికీ విడిపోకపోతే నీళ్లలో నూటికి ఒక పాలు, అంటే పది లీటర్లకు 100 గ్రాముల వంటసోడా కలిపి నాలుగైదు గంటలు నాననివ్వండి. రాత్రంతా వదిలేస్తే బొగ్గు మెత్తబడి చేతిలోనే పొడి అవుతుంది. గడ్డను చేత్తో నలపడం ఎప్పుడూ వద్దు, గింజకన్నా ముందు పొట్టు ముక్కలు పోతాయి. కాలనిర్ణయానికి పంపాలనుకున్న నమూనాకు సోడా కూడా వద్దు, ఉత్త నీళ్లే వాడండి.

ఎండాకాలం ట్యాంకరు నీళ్లతో పనిచేసేటప్పుడు వాడిన నీటిని రెండు డ్రమ్ముల్లో తేర్చి మళ్లీ వాడుకోవచ్చు. తిరిగి వచ్చే నీటిని కూడా 250 మైక్రాన్ల బట్టలో వడకట్టాలి, నమూనా మారినప్పుడల్లా ఆ బట్టను ఉతకాలి. చివరిసారి కడగడానికి మాత్రం మంచినీళ్లు వాడండి. బోరు నీళ్ల ఉప్పు ఆరాక గింజ మీద తెల్లగా పేరుకుని, గుర్తుపట్టడానికి కావాల్సిన గీతలను కప్పేస్తుంది.

మీ చేతిపని ఎంత నికరమో చూసుకోవడం

ఏ తొట్టె అయినా, ఏ చేయి అయినా కొంత పోగొడుతుంది. ఎంతో తెలుసుకోవడానికి గసగసాల పరీక్ష ఉంది. కాల్చిన గసగసాలు 100 లెక్కపెట్టి, గింజలు లేని మట్టి పది లీటర్లలో కలిపి, మామూలుగా కడగండి. తేలినదాంట్లో ఎన్ని వచ్చాయో లెక్కించండి. ఇవి ఒక మిల్లీమీటరు లోపువి కాబట్టి ఇవి చిక్కితే చిరుధాన్యాలూ చిక్కుతాయి. 60 మాత్రమే వచ్చాయనుకోండి, మిగతావి ఎక్కడున్నాయో చూడాలి. అడుగు మట్టిలో ఉంటే సరిగా కలపలేదు. ఎక్కడా లేకపోతే జల్లెడ అంచు దగ్గర సందు ఉంది. తర్వాతి నమూనాలో బయటపడితే జల్లెడ సరిగా కడగలేదు. ఐరోపా రోమన్ స్థలాల్లో ఈ పరీక్షకు గసగసాలు పనికిరావు, అక్కడ అవి నిజంగా పండించిన పంట. ఇక్కడ కూడా అసలు నమూనాల్లో కలపకుండా పరీక్ష మట్టికే వాడండి.

సాధనకు గింజలు కాల్చాలంటే వడ్లు, కొర్రలు, అండు కొర్రలు, ఉలవలు, పెసలు పొట్టుతో సహా తీసుకోండి. రోమన్ గోధుమ ఎలా ఉండేదో తెలియాలంటే ఖప్లీ గోధుమను (పొట్టు అంటిపెట్టుకుని ఉండే రకం) విత్తనంగా, పొట్టు వలవకుండా తెప్పించుకోండి. ఒక్కో రకాన్ని అల్యూమినియం రేకులో గట్టిగా చుట్టి, ఇసుక నింపిన గిన్నెలో పాతిపెట్టి, ఓవెన్‌లో 230 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఉంచాలి. పొగ వస్తుంది, బాల్కనీలో పెట్టండి. గింజ కోసి చూస్తే లోపల దాకా నల్లగా ఉండాలి, గోధుమ రంగు మిగిలితే ఇంకాసేపు. వేడి 300 దాటితే గింజలు ఉబ్బి పగిలి రూపం కోల్పోతాయి. ఇలా కాల్చిన గింజల్లో కొన్ని సీసాల్లో దాచిపెట్టండి. గుర్తుపట్టేటప్పుడు పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఏ పుస్తకంలోని బొమ్మా వీటికి సాటిరాదు.

ఆరబెట్టడం

ఎండలో పెట్టకండి. ఏప్రిల్, మే నెలల ఎండకు తడి బొగ్గు ఒక్కసారిగా ఆరి పగిలిపోతుంది. తేలినదాన్ని పలచని వాయిల్ బట్టలో మూటగట్టి నీడలో, గాలి తగిలే చోట వేలాడదీయండి. వేసవిలో రెండు రోజులు చాలు. వానాకాలంలో నాలుగైదు రోజులు పట్టి బూజు వస్తుంది కాబట్టి ఫ్యాను కింద, మూటలు ఒకదానికొకటి తగలకుండా పెట్టాలి. చీటీలు రెండు రాయాలి, ఒకటి మూట లోపల, ఇంకోటి బయట. ప్లాస్టిక్ చీటీ మీద పెన్సిల్‌తో రాస్తే నీళ్లకు చెరగదు. కాగితమైతే చెమ్మకు నానుతుంది, పురుగు తింటుంది. చీటీ ఊడిన మూటను ఊహించి ఏదో ఒక నంబరు కింద చేర్చడం కన్నా పక్కన పెట్టేయడం మంచిది.

వేరు చేయడం, లెక్క పెట్టడం

ఆరినదాన్ని 2 మిల్లీమీటర్లు, 1 మిల్లీమీటరు, 500, 250 మైక్రాన్ల జల్లెడల్లో వరసగా జల్లించండి. ఒకే సైజు నలుసులు ఒకచోట ఉంటే కన్ను అలసిపోదు. 10 నుంచి 40 రెట్లు పెద్దగా చూపే స్టీరియో మైక్రోస్కోపు కావాలి, వెలుగు పైనుంచి పక్కవాటంగా పడాలి. తెల్లటి పళ్లెం, సన్న కుంచె వాడండి. పట్టకారుతో నొక్కితే పొట్టు ముక్క పొడి అయిపోతుంది.

నల్లగా లేని గింజను పాతదిగా లెక్కించకండి. వాన, ఎండ మారిమారి వచ్చే మన నేలలో కాలని గింజ రెండు వేల ఏళ్లు నిలవదు. మైక్రోస్కోపు కింద తాజాగా కనిపించే గడ్డి విత్తనం నిన్నమొన్నటి చీమ తెచ్చినదే. ఈజిప్టు ఎడారిలో సంగతి వేరు. మోన్స్ క్లౌడియానస్ రాతి గనుల దగ్గర కాలకుండానే, ఎండిపోయి అన్నీ నిలిచాయి. ఉత్తర ఇంగ్లండ్‌లోని రోమన్ సైనిక కోట వింధొలాండాలో గాలి దూరని తడి బురద కొయ్యనూ ఆకునూ కాపాడింది. మనకు నిలిచేది కాలినది మాత్రమే. అంటే నిప్పు దగ్గరికి రాని ఆకుకూరలు, గడ్డలు, పచ్చి కాయలు మీ పట్టికలో దాదాపు కనిపించవు. అవి తినలేదని రాయకండి.

లెక్కకు ముందే నియమాలు పెట్టుకుని నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి. ధాన్యం గింజలో మొలక వచ్చే కొన ఉన్న ముక్కనే ఒకటిగా లెక్కించాలి, లేకపోతే విరిగిన ఒకే గింజ రెండుసార్లు లెక్కకొస్తుంది. పప్పు బద్దలు రెండు కలిపి ఒక గింజ. పొట్టు గోధుమ (దంచితేనే పొట్టు వదిలే రకం) చిరుకంకి అడుగున రెండు పొట్టు మొదళ్లు (పొట్టు కాడకు అతికే గట్టి అడుగు ముక్కలు) జంటగా దొరికితే రెండుగా లెక్కించాలి. పెసర, మినుములను గింజ మీది తొడిమ మచ్చ చూసి విడదీస్తారు, మినుములో అది అంచు కట్టి ఉబ్బి ఉంటుంది, పెసరలో చదునుగా ఉంటుంది. కాలినప్పుడు తోలు ఊడి మచ్చ పోతే రెండింటినీ కలిపి "పెసర లేదా మినుము" అనే రాయండి. కొర్ర పొట్టు మీద సన్న పొక్కులు వరసగా ఉంటాయి, అండు కొర్ర పొట్టు మీద అడ్డంగా ముడతలు ఉంటాయి. పొట్టు పూర్తిగా ఊడినచోట చిరుధాన్యం అని ఆపేయడమే నిజాయితీ.

ఏరినవాటిని మందుల దుకాణంలో దొరికే ఖాళీ జెలటిన్ క్యాప్సూల్స్‌లో వేయమని విదేశీ పుస్తకాలు చెబుతాయి. ఇక్కడ జూలైలో అవి చెమ్మకు అంటుకుపోతాయి. చిన్న గాజు సీసాలే వాడండి.

అంకెలను చదవడం

ఈ పనంతా దేనికో తేలేది ఇక్కడే. గింజల పేర్ల జాబితాతో ఆగిపోతే సగం విషయం వదిలేసినట్టే. తిండి వెనకున్న పని ఎవరి చేతిలో ఉందో చెప్పేది గింజ కన్నా పొట్టు, కలుపు విత్తనాలు.

పంట నూర్చాక తూర్పారబడతారు, పెద్ద జల్లెడ పడతారు, దంచుతారు, చేటతో చెరుగుతారు, సన్న జల్లెడ పడతారు. ఒక్కో పనిలో ఒక్కో రకం వ్యర్థం విడిపోతుంది. తూర్పారలో తేలిక పొట్టు, గడ్డి పోతాయి. పెద్ద జల్లెడ మీద కణుపులు, కంకి కాడలు ఆగుతాయి. సన్న జల్లెడ కింద చిన్న కలుపు విత్తనాలు, పొట్టు మొదళ్లు రాలతాయి. గింజ సైజులోనే ఉన్న కలుపు మాత్రం చివరిదాకా ధాన్యంతోనే వస్తుంది, దాన్ని చేత్తో ఏరాల్సిందే. రోమన్ల కాలంలో బ్రిటన్‌కు ధాన్యంతో పాటు చేరిన కార్న్‌కాకిల్ అలాంటిదే, పైగా అది విషం. మీ నమూనాలో చిన్న కలుపు, పొట్టు మొదళ్లు ఎక్కువుంటే అక్కడ సన్న జల్లెడ పని జరిగింది. గింజతో సమానమైన కలుపు మాత్రమే ఉంటే శుభ్రం చేసిన ధాన్యం వచ్చి చేరింది.

ఇప్పుడు నిష్పత్తి. ఎమ్మర్ గోధుమ (మన ఖప్లీ), రోమన్ బ్రిటన్‌లో ముఖ్య పంటైన స్పెల్ట్, రెండింటిలోనూ ఒక చిరుకంకికి మామూలుగా రెండు గింజలు, రెండు పొట్టు మొదళ్లు. అంటే వలవని ధాన్యం కాలితే ఒకటికొకటి ఉండాలి. నిప్పులో గింజ కన్నా పొట్టు ముందే బూడిదవుతుంది కాబట్టి నిజానికి పొట్టు తక్కువే మిగలాలి. అలాంటిది 20 లీటర్ల నమూనాలో 60 గింజలకు 240 పొట్టు మొదళ్లు వచ్చాయనుకోండి, అది దంచి చెరిగిన వ్యర్థమే, సందేహం అక్కర్లేదు. ఆరు వరసల బార్లీలో కంకి కాడ కణుపు ఒక్కదానికి మూడు గింజలు. దాని నిష్పత్తిని గోధుమతో కలిపి చూడకండి.

చాలామంది పొరబడేది ఇక్కడే. పొట్టు దొరికింది కాబట్టి ఇది రైతుల ఊరు, దొరకలేదు కాబట్టి కొనుక్కుని తినే పట్నం అని రాసేస్తారు. స్పెల్ట్‌ను పొట్టుతోనే నిల్వచేసి, కావాల్సినప్పుడు కావాల్సినంత వలుచుకోవడం సులువు, పొట్టు ఉంటే పురుగు తొందరగా పట్టదు. కొన్నవాళ్ల ఇంట్లోనూ రోజూ పొట్టు పొయ్యిలో పడుతుంది. తెలంగాణలో వడ్లు, కొర్రలు, సామలు కూడా ఈ తీరువే, ఇంట్లో దంచుకున్నంతకాలం ఊక ఇంట్లోనే. ఉత్తి గోధుమలో, అంటే నూర్చగానే గింజ విడిపోయే రకంలో, పొట్టంతా కళ్లంలోనే పోతుంది. ఈజిప్టులో గ్రీకు పాలన నుంచి ఎమ్మర్ స్థానంలో ఇలా సులువుగా విడిపోయే డ్యూరమ్ గోధుమ వచ్చాక ఇళ్ల చెత్తలో గోధుమ పొట్టు తగ్గడం సహజమే. అక్కడ మారింది పంట రకం. దాన్ని బట్టి సేద్యం చేసేవాళ్లు మారారని చెప్పలేం. అందుకే పంటల వారీగా విడదీసి, ఒకే పంటలో ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ పోల్చండి. అన్ని ఇళ్లలోనూ ఊక సమానంగా ఉండి, ఒక్క పెద్ద కట్టడంలో శుభ్రమైన బియ్యం మాత్రమే ఉంటే, అక్కడివాళ్ల కోసం ఇంకెవరో దంచారు. అది రాయదగ్గ ఫలితం.

మొలకెత్తిన గింజలు కనిపిస్తే ఆగి చూడండి. గింజ వీపు మీద మొలక పాకిన గాడి, కుంగిన పొట్ట, విడిగా రాలిన మొలకలు వీటి గుర్తులు. మొలకలు చాలావరకు ఒకే పొడవులో ఉంటే కావాలని నానబెట్టి మొలకెత్తించారు, అంటే బీరుకు మాల్టు. ఒక్కోటి ఒక్కో పొడవులో ఉంటే తడిసి పాడైన ధాన్యం. రోమన్ బ్రిటన్‌లో ధాన్యం ఆరబెట్టే కొలుముల్లో మొలకెత్తిన స్పెల్ట్ చాలాచోట్ల దొరికింది, కొలిమికి వంటచెరకు కూడా ఆ స్పెల్ట్ పొట్టే. వింధొలాండాలో దొరికిన రాత కొయ్యపలకల లెక్కల్లో అట్రెక్టస్ అనే బీరు కాచేవాడి పేరు ఉంది. ఆ పలకల్లోనే ఆక్టేవియస్ అనే వ్యాపారి తాను సుమారు 5000 మోడియస్‌ల ధాన్యపు కంకులు కొన్నానని, కనీసం 500 దినారీలు (రోమన్ వెండి నాణేలు) పంపకపోతే బయానా మునుగుతుందని రాశాడు. మోడియస్ అంటే దాదాపు 8.7 లీటర్లు. ఆ ధాన్యం నూర్చకుండా కంకులుగానే చేతులు మారింది. అలాంటి చోట కంకి కాడలు దొరికినంత మాత్రాన అది పండించిన ఊరు అయిపోదు.

కలుపు నేల సంగతి కూడా చెబుతుంది. రోమన్ బ్రిటన్‌లో స్టింకింగ్ మేవీడ్ అనే కలుపు పెరగడాన్ని బరువైన బంకనేలలు దున్నడానికి గుర్తుగా చూస్తారు. ఇక్కడ ఊద గడ్డి విత్తనాలు ఎక్కువుంటే నీళ్లు నిలిచిన వరి మడి వైపు చూడాలి. పొట్టి కలుపు విత్తనాలు కూడా వచ్చాయంటే పంటను మొదటికంటా కోశారు, పొడుగు కలుపే ఉంటే కంకులు మాత్రమే కోసుకున్నారు.

దూరం నుంచి వచ్చినవి ఎప్పుడూ కొద్దిగానే ఉంటాయి. ఎర్ర సముద్రపు రేవు బెరెనికే గుడిలో భారతీయ కుండలో ఏడున్నర కిలోల మిరియాలు దొరకడం అరుదైన అదృష్టం. వింధొలాండాలో గంబాక్స్ అనేవాడు రెండు దినారీలకు మిరియాలు కొన్నట్టు లెక్క ఉంది, అంత కొనుగోలు మట్టిలో ఒక గింజగా కూడా మిగలకపోవచ్చు. అందువల్ల ఒక స్థలంలో మిరియాలు లేవని రాయాలంటే ముందు ఎన్ని నమూనాలు, ఎన్ని లీటర్లు కడిగారో రాయండి. అత్తి పండు ఒక్కదానిలో వందల విత్తనాలుంటాయి, ఆలివ్‌లో ఒక్కటే. వాటి సంఖ్యలను పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ తిన్నారని తేల్చకండి, ఎన్ని నమూనాల్లో కనిపించిందో చెప్పండి చాలు.

అడుగు మట్టిని వెతికేటప్పుడు చేప ఎముకలు, పొలుసులు, ధాన్యపు పురుగుల ముక్కలు వదలకండి. ఇంగ్లండ్‌లోని యార్క్‌లో రోమన్ గిడ్డంగి కింద ధాన్యపు పురుగులు గుట్టగా దొరికాయి. వాటిలో ఒకటైన గ్రానరీ వీవిల్ ఎగరలేదు. అది ఒక ఊరు చేరిందంటే ధాన్యంతో పాటు బండి మీదనో పడవ మీదనో వచ్చినట్టే.

కాలనిర్ణయానికి పంపేందుకు ఒక్క ఏడాదిలో పండి రాలే గింజనే ఎంచండి, ఉలవ లేదా వడ్లగింజ చాలా మంచిది. చెట్టు బొగ్గు అయితే ఆ మాను లోపలి వలయాలు మంటకన్నా వందేళ్లు పాతవి కావచ్చు. గింజను ముందుగా ఫొటో తీసి, కొలిచి, గుర్తింపు రాసి, అప్పుడు పంపాలి, ఎందుకంటే అది తిరిగి రాదు. దాన్ని కాగితంలోనో దూదిలోనో చుట్టకండి, జిగురు తగలనివ్వకండి. అల్యూమినియం రేకులో మడిచి సీసాలో పెట్టి, నమూనా నంబరు, పొర నంబరు, మట్టి ఎన్ని లీటర్లో సీసా మీదే రాయండి.